వదలని పంజా

ఏప్రిల్ ముప్పైవ తేదీ ఉదయం హెడ్వికా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మునిసిపాలిటీ ఇంజనీరు వస్తుంది. స్లావ్కో కొత్త యంత్రంతో ఒక్క చెట్టు కోసి చూపిస్తాడు. పదకొండుకి సంతకం, పన్నెండుకి భోజనం. పుల్లటి క్యాబేజీ, చిక్కుడు గింజలు వేసిన యోతా పులుసు ముందురోజే కాచి పెట్టింది. అది మర్నాటికే రుచి. అంటే మొత్తం పథకంలో సగం అప్పటికే సిద్ధం. మిగతా సగం మొగుడి చేతిలో ఉంది. బెంగంతా దాని గురించే.

బెంగకు కారణం లేకపోలేదు. స్లావ్కో ఇరవయ్యారేళ్ళు నడుముకు తాడు కట్టుకుని చెట్లెక్కి కొమ్మలు కోశాడు. కిందటి శరదృతువులో డాక్టరు అతని మోకాలు నొక్కి చూసి, "ఇక నిచ్చెన కూడా వద్దు, మెట్లయితే పట్టుకుని ఎక్కు" అన్నాడు. బుకొవార్యె కొండల్లో చెట్లు తప్ప వేరే పని తెలియని మనిషి చెట్టెక్కకుండా బతకాలంటే ఒకటే దారి: చెట్టు దగ్గరికి యంత్రం వెళ్ళాలి. రోడ్డు పక్క చెట్ల పని మూడేళ్ళకు ఇస్తామని మునిసిపాలిటీ ప్రకటించింది. ఆ ఒప్పందం దక్కితే సరే. దక్కకపోతే పెరట్లో పద్నాలుగు టన్నుల ఇనుము, ఇంట్లో తొంభై రెండు కిలోల స్లావ్కో, రెండూ ఖాళీగా కూర్చుంటాయి. రెండిట్లో యంత్రమే నయం, కాఫీ అడగదు.

చలికాలమంతా వాళ్ళ వంటింటి బల్ల మీద రొట్టెకన్నా యంత్రాల బొమ్మల పుస్తకాలే ఎక్కువ కనిపించాయి. ఎక్స్‌కవేటర్ ఏది కొనాలో తేలడానికి నెల పట్టింది. దాని చేతికి మట్టి బకెట్ తీసేసి ఏం తగిలించాలో తేలడానికి ఇంకో రెండు నెలలు.

"కత్తెర చాలు," అన్నాడు స్లావ్కో. "చౌక. పుటుక్కున కొరుకుతుంది, అయిపోయింది."

"కొరికి ఎక్కడ పడేస్తుంది?"

"కింద."

"కింద ఏముంటుంది?"

"రోడ్డు," అన్నాడు స్లావ్కో, కాస్త ఆలోచించి.

ఆ విధంగా హెడ్వికా పంతం నెగ్గింది. పంజాతో చెట్టును పట్టుకుని, దాని కిందే ఉన్న రంపంతో కోసి, ఎత్తి పట్టుకునే పరికరం తెప్పించారు. అది అటూ ఇటూ తిరగడానికి మణికట్టు, క్యాబిన్ మీద ఇనుప జాలీ, ముందు మందపాటి అద్దం, అదనపు నూనె గొట్టాలు పెట్టించారు. చివరికి ఇద్దరూ బల్ల మీద చెయ్యి వేసి, ఇక ఒక్క హంగు కూడా కలపబోమని ఒట్టు పెట్టుకున్నారు.

ఒట్టు పెట్టిన మూడో రోజున హెడ్వికా కోళ్ళ గూటి వెనక నిలబడి మెకానిక్ బొగోమిర్‌కి ఫోన్ చేసింది. కిందటేడు స్లావ్కో చేతిలోంచి జారిన దుంగ ఒకటి ఆంగెల్చా పెద్దమ్మ టొమాటోల గాజు పందిరిలోంచి దిగింది. అది హెడ్వికాకు ఇంకా కలలోకి వస్తూనే ఉంది. "బొగోమిర్, పంజాకొక తాళం పెట్టు. పంజాలో ఏదైనా ఉండి, అది మోకాలి ఎత్తుకన్నా పైన ఉంటే ఎంత నొక్కినా తెరుచుకోకూడదు. స్లావ్కోకి చెప్పకు." బొగోమిర్ "నువ్వు కూడానా," అన్నాడు. అతని కొడుకు పెళ్ళికి తనూ వస్తుందా అని అడుగుతున్నాడనుకుని హెడ్వికా "ఆఁ, తప్పకుండా," అని పెట్టేసింది.

యంత్రం ముందురోజు సాయంత్రమే వచ్చింది. ఖాళీ పంజాను స్లావ్కో పదిసార్లు తెరిచాడు, మూశాడు. మెత్తగా, వెన్నలా కదిలింది. బొగోమిర్ సంతకం చేయించుకుని, మే సెలవులకు సముద్రం వైపు కారు తిప్పాడు.

పదింటికి రావలసిన ఇంజనీరు యస్నా ఏడున్నరకే వచ్చింది. మే ఒకటి, రెండు సెలవులంటే ఆ దేశంలో ముప్పయ్యో తేదీ కూడా మనసులో సెలవే. తొమ్మిది దాటాక ఆఫీసుల్లో పూలకుండీలు తప్ప ఎవరూ ఉండరు. అందుకని హెడ్వికా ఆశ్చర్యపోలేదు. జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తింది.

కోయవలసిన చెట్టు అగ్నిమాపక దళం షెడ్డు పక్కన రోడ్డు మీదికి ఒరిగిన స్ప్రూస్, ఆ కొండల్లో పెరిగే సూదాకుల చెట్టు. యస్నా నారింజ రంగు చొక్కా తొడుక్కుని, అట్ట మీద కాగితాలు పెట్టుకుని చదివింది. "మొదటి నిబంధన: కోసిన ముక్క రోడ్డు మీద పడకూడదు. రెండోది: యంత్రం పట్టుకుని ఉన్న చెట్టు దగ్గరికి మీ పనివాళ్ళెవరూ మోటారు రంపంతో పోకూడదు. పోయారా, పరీక్ష అక్కడితో ఆఖరు."

"మా పనివాళ్ళంటే ఆయనా నేనే కదండీ," అంది హెడ్వికా.

"అయితే మీరిద్దరూ పోకూడదు."

స్లావ్కో యంత్రం చెయ్యి సాచాడు. పంజా చెట్టును సగం ఎత్తులో పట్టుకుంది. రంపం జుయ్యిమంది. తొమ్మిది మీటర్ల పై ముక్క, పచ్చటి కొసతో సహా, నిటారుగా గాల్లో నిలబడింది. ఒక్క ఆకు రాలలేదు. యస్నా కాగితం మీద టిక్కు పెట్టింది. హెడ్వికా మనసులోనే మరియ తల్లికి ఒక కొవ్వొత్తి మొక్కుకుంది.

స్లావ్కో ముక్కను మెల్లగా పక్కకి వంచి, పంజాను ట్రాలీ మీదికి తెచ్చి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. అద్దం వెనక అతని నోరు తెరుచుకుంది. తెరుచుకోవలసిన పంజా మాత్రం తెరుచుకోలేదు.

హెడ్వికాకు తెలుసు. తన తాళం తన పని చేస్తోంది. గర్వంగా ఉన్నా, ఒట్టు గుర్తొచ్చి పైకి ఏమీ తెలియని ముఖం పెట్టి, "నేల మీద పడుకోబెట్టి చూడు, స్లావ్కో," అంది.

ఆ మాటకు స్లావ్కో ముఖం ఎందుకో పాలిపోయింది. "నేల మీదా? నేల మీద ఎందుకు? నువ్వు దూరంగా జరుగు!"

"జరిగానులే, దించు."

దించాడు. చెట్టు రోడ్డుకు అడ్డంగా పడుకుంది. మీట నొక్కాడు. పంజా కదల్లేదు.

ఇప్పుడు పాలిపోవడం హెడ్వికా వంతు. మోకాలి కన్నా కిందే ఉంది. తెరుచుకోవాలి. ఎందుకు తెరుచుకోదు?

స్లావ్కో ఎత్తాడు, నొక్కాడు. దించాడు, నొక్కాడు. చెట్టు లేచింది, పడుకుంది, మళ్ళీ లేచింది. ఆరోసారి పడుకున్నప్పుడు ఎనిమిదింటి బస్సు వచ్చి హారన్ కొట్టింది. బస్సు పోవాలి కాబట్టి చెట్టు లేవక తప్పలేదు. బస్సు నిండా సంతకు పోయే బుకొవార్యె ఆడవాళ్ళు. పచ్చటి కొస ఉన్న స్ప్రూస్ మాను ఒకటి, ఏప్రిల్ ముప్పైన, అగ్నిమాపక షెడ్డు ముందు యంత్రం చేతిలో నిటారుగా నిలబడి ఉండటం వాళ్ళందరూ కళ్ళారా చూశారు. బస్సులోంచి చేస్తే ఊళ్ళో ఒక్కసారిగా ఇరవై ఫోన్లు మోగాయి.

ఎందుకు మోగాయంటే, మే ఒకటికి ప్రతి ఊరూ తన మ్లాయ్‌ని నిలబెడుతుంది. బెరడు ఒలిచి, కొసన పచ్చ కొమ్మలు వదిలి, పూలదండ వేలాడదీసిన పొడవాటి స్ప్రూస్ స్తంభం అది. ఊరి మగవాళ్ళు తాళ్ళతో, వాసాలతో, తమ చేతుల బలంతో నిలబెట్టాలి. యంత్రంతో ఎత్తిన ఊరు మళ్ళీ మే వచ్చేదాకా తలెత్తుకోలేదు. నిలబెట్టేదాకా దాన్ని కాపాడుకోవాలి కూడా. కాపలా లేని మ్లాయ్‌ని పొరుగూరి వాళ్ళు వచ్చి కోసేస్తే తప్పు వాళ్ళది కాదు, నిద్రపోయిన వాళ్ళది. బుకొవార్యెకి అలాంటి పొరుగూరు ఒకటుంది. దాని పేరు యెల్షె. ఈ ఏటి మ్లాయ్, ఇరవై ఎనిమిది మీటర్లది, షెడ్డు వెనక దొడ్లో పడుకుని ఉంది. దానికి ఇద్దరు కాపలాదార్లు, ఒక సీసా ప్లమ్ సారా ఉన్నారు.

పావుగంటలో అగ్నిమాపక దళం నాయకుడు ఇజిదోర్ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాడు. అతను హెడ్వికాకు సొంత అన్న.

"బావా! నీకు సిగ్గుందా? మ్లాయ్‌ని జేజి కాలం నుంచీ చేత్తో ఎత్తుతున్నాం. నువ్వు ఇనప గుర్రం తెచ్చి ఎత్తుతావా?"

"ఇది మ్లాయ్ కాదు బావా, చెట్టు!"

"చెట్టయితే కింద పెట్టు."

"పెట్టలేను."

"చూశారా! పెట్టడట!" అని ఇజిదోర్ అప్పటికే చేరిన పదిహేను మందికి చెప్పాడు. వాళ్ళు ఇంకో ముప్పై మందికి చెప్పారు. ఆంగెల్చా పెద్దమ్మ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది. "మా ఆయన ఉన్నప్పుడు ముప్పై మంది ఎత్తేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడు కూర్చుని ఎత్తుతున్నాడు. అందుకే ఈ ఊళ్ళో మగాళ్ళకి పొట్టలు," అంది.

"అన్నయ్యా, ఇది పరీక్ష," అంది హెడ్వికా ఏడుపు గొంతుతో. "పంజా ఇరుక్కుంది. ఈ ఒప్పందం పోతే మీ బావ మళ్ళీ తాడు కట్టుకుని చెట్టెక్కుతాడు. ఆ మోకాలితో ఎక్కినవాడు దిగేది ఒకే రకంగా."

ఇజిదోర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అతనికి బావ మీద కోపం ఉంది కానీ, అది బతికున్న బావ మీద.

ఆశ్చర్యమల్లా ఇంజనీరమ్మను చూస్తే. కోప్పడలేదు. గడియారం చూడలేదు. "తొందరేం లేదండీ," అంది తాపీగా. "జనం పెరుగుతున్నారు, అటో మనిషి, ఇటో మనిషి నిలబడి రోడ్డు ఆపాలి. నాయకుడు గారూ, పని లేకుండా ఉన్నవాళ్ళు ఇద్దరుంటే ఇవ్వండి, చొక్కాలు నా దగ్గరున్నాయి."

ఇజిదోర్ చుట్టూ చూశాడు. అందరూ చూడటంలో తీరిక లేకుండా ఉన్నారు. దొడ్లో కాపలా వాళ్ళిద్దరే ఖాళీ. పట్టపగలు ఎవడొస్తాడు? పిలిచాడు. వాళ్ళు నారింజ చొక్కాలు తొడుక్కుని రోడ్డుకు చెరో పక్కా నిలబడ్డారు. సీసా కూడా వాళ్ళతోనే వచ్చింది.

బొగోమిర్ ఫోను ఎత్తలేదు. తొమ్మిదికి ఎత్తలేదు, పదికి ఎత్తలేదు. మధ్యలో బస్సులు పోయాయి, పాలబండి పోయింది, ప్రతిసారీ స్లావ్కో చెట్టుని రోడ్డు మీంచి తప్పించి నిటారుగా పట్టుకున్నాడు. మూడు గంటలుగా అతను సీట్లోంచి లేవలేదు. హెడ్వికా క్యాబిన్ కిటికీలోంచి రొట్టె ముక్క అందించింది. ఊళ్ళో ఎవరో "మరీ బోనులో ఎలుగుబంటికి పెట్టినట్టు పెడుతున్నారేంటి" అన్నారు. యస్నా అప్పుడప్పుడూ "ఇంకోసారి పైకెత్తండి, ఆ మణికట్టు తిరగడం చూడలేదు," అనేది. జనం "ఓ" అనేవాళ్ళు.

పదకొండుకు ఫోను కలిసింది. అవతల అలల చప్పుడు, సార్డీన్ చేపలు వేగుతున్న చప్పుడు. హెడ్వికా అందరికీ వినిపించేలా పెట్టింది.

"బొగోమిర్! పంజా తెరుచుకోవడం లేదు! పైకెత్తినా లేదు, దించినా లేదు!"

"మరి ఎలా తెరుచుకుంటుంది?" అన్నాడు బొగోమిర్ ప్రశాంతంగా. "మోకాలికి పైన తెరుచుకోకూడదని నువ్వు చెప్పావు. మోకాలికి కింద తెరుచుకోకూడదని ఆయన చెప్పాడు."

అవతల సార్డీన్లు చిటపటలాడాయి.

హెడ్వికా మెల్లగా మొగుడి వైపు తిరిగింది. మొగుడు అద్దం వెనక నుంచి ఆమె వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు అంత దిగ్భ్రాంతితో చూసుకోలేదు, పెళ్ళిరోజున కూడా.

"ఒట్టు పెట్టావు కదయ్యా!"

"నువ్వూ పెట్టావు కదే!"

"మీ పెద్దమ్మ పందిరి మీద పడేశావని నేను పెట్టించాను. నీకేం వచ్చింది?"

స్లావ్కో క్యాబిన్ కిటికీ జరిపాడు. చెవులు ఎర్రబడ్డాయి. "దుంగ దించినప్పుడల్లా నువ్వు టేపు పట్టుకుని పక్కనే నిలబడతావు. కిందటేడు నీ బూటు మీదికి దొర్లింది కదా. అది... నాకు నచ్చలేదు. ట్రాలీ మీదే వదులుదామని..."

జనంలో ఆడవాళ్ళు నిట్టూర్చారు. మగవాళ్ళు నేల చూశారు, ఇప్పుడు తమ ఇళ్ళల్లో ఈ మాట వినవలసి వస్తుందని. హెడ్వికాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే ఒప్పందం గుర్తొచ్చి ఆరిపోయాయి.

"సరే, ఇప్పుడేం చెయ్యాలి?" అని అరిచింది ఫోనులోకి.

"సులువే. పంజాలో ఉన్నది తీసేస్తే పంజా తెరుచుకుంటుంది."

"పంజా తెరుచుకుంటే కదా తీసేది!"

"అది నేను ఆలోచించలేదు," అన్నాడు బొగోమిర్. "మీరిద్దరూ ఎవరికీ చెప్పొద్దన్నారు. నేనూ నాకు చెప్పుకోలేదు." చేపలు మాడుతున్నాయని పెట్టేశాడు.

మోటారు రంపంతో పంజాకు పైనా కిందా కోస్తే రెండు నిమిషాల పని. కానీ ఆ రంపం పట్టుకుంటే ఒప్పందం లేదు. స్లావ్కో మెట్ల మీద ఒక కాలు దించాడు. హెడ్వికా తల అడ్డంగా ఊపింది. అతను కాలు లోపల పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు షెడ్డు వెనక నుంచి ఒక కేక వినిపించింది. గొంతు తడుపుకోవడానికి ఇంకో సీసా తెద్దామని వెళ్ళిన కాపలావాడిది. "మరియ తల్లీ! కోసేశారు! మ్లాయ్‌ని కోసేశారు!"

ఊరు ఊరంతా పరిగెత్తింది. ఇరవై ఎనిమిది మీటర్ల మ్లాయ్ మూడు ముక్కలై, బెరడు ఒలిచిన తెల్లటి ఒంటితో, చేప ముక్కల్లా వరసగా పడి ఉంది. చేతి రంపంతో కోశారు, చప్పుడు రాకుండా. పొట్టు ఇంకా తడిగా ఉంది. రెండు వందల ఏళ్ళలో బుకొవార్యె మ్లాయ్‌ని ఎవరూ పట్టపగలు కోయలేదు. ఇజిదోర్ టోపీ తీశాడు. కొందరు శిలువ వేసుకున్నారు. తరువాత అందరూ ఒకేసారి స్లావ్కో వైపు తిరిగారు.

"నీ తమాషా చూస్తూ ఉండగా పోయింది," అన్నాడు ఇజిదోర్. "రేపు పొద్దున బ్యాండువాళ్ళు దేని చుట్టూ వాయిస్తారు, బావా? నీ చుట్టూనా?"

స్లావ్కో తొమ్మిది మీటర్ల చెట్టు పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు. ఒప్పందం పోయింది, ఊరు పోయింది, మోకాలు ముందే పోయింది అనుకుంది హెడ్వికా.

"మీరంతా గుడ్డివాళ్ళురా?" అంది ఆంగెల్చా పెద్దమ్మ కుర్చీలోంచి. "స్ప్రూస్ కాదా అది? కొసన పచ్చ లేదా?"

"యంత్రం ఎత్తింది పెద్దమ్మా!"

"దాన్నుంచి తీసుకుని నువ్వు ఎత్తు. నీకు చేతుల్లేవా?"

ఇజిదోర్ చెట్టు వైపు చూశాడు. చెట్టు పొట్టిది. కానీ వేరే చెట్టు నరకడానికి అటవీ శాఖ అనుమతి కావాలి, అటవీ శాఖ అప్పటికే సెలవులో ఉంది. అతను యస్నా వైపు తిరిగాడు. "ఇంజనీరు గారూ, మా చేతి రంపంతో మేం కోసుకుంటే?"

యస్నా కాగితాలు మూడుసార్లు తిరగేసింది. "మోటారు రంపం అని ఉంది. మీ పనివాళ్ళు అని ఉంది. ఊరి ఆచారం గురించి ఇందులో ఏమీ రాయలేదు," అని కారు వైపు తిరిగి నిలబడి, ఆకాశంలో మబ్బుల్ని పరిశీలించింది.

స్లావ్కో చెట్టుని పడుకోబెట్టి ఇంజను ఆపాడు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ లాగే పాత రంపంతో పంజాకు పైనా కిందా కోశారు. ఇరవై మంది భుజాలకెత్తుకున్నారు. పంజాలో మిగిలిన మొద్దులోకి ఇజిదోర్ ఇనుప చీల పెట్టి సుత్తితో మోదాడు. నాలుగో దెబ్బకి మొద్దు రెండుగా పగిలి జారింది. స్లావ్కో ఇంజను వేశాడు. ఏమీ లేని పంజా మూసుకుంది, తెరుచుకుంది, వెన్నలా.

ఒంటిగంటకల్లా బెరడు ఒలిచి, పాత దండే కట్టి, ఊరి మగవాళ్ళు వాసాలు జతలుగా ఆనించి, "హో-రుక్" అంటూ మ్లాయ్‌ని గోతిలో నిలబెట్టారు. ఎనిమిది మీటర్లు. షెడ్డు చూరుకి రెండు మూరలు పైన. అందరూ చప్పట్లు కొట్టారు, కానీ ఎక్కువసేపు కాదు.

యస్నా కారు బానెట్ మీద కాగితాలు పరిచింది. హెడ్వికా పక్కనే వచ్చి నిలబడింది.

"ఇప్పటిదాకా నాలుగు కంపెనీల యంత్రాలు చూశాను," అంది యస్నా. "అన్నిచోట్లా ఒకటే భయం, ఎప్పుడు వదిలేస్తుందోనని. ఇది నాలుగు గంటలు, పదకొండు బస్సులు, ఒక గ్రామ సభ దాటినా వదల్లేదు. రోడ్డు మీద ఒక్క కొమ్మ పడలేదు. రెండు తాళాల్లో ఒకటి తీయించండి. ఏది అనేది మీరిద్దరూ మాట్లాడుకోండి." సంతకం పెట్టింది. ముద్ర వేసింది. మూడేళ్ళు.

హెడ్వికా నోరు తెరుచుకుంది. థాంక్స్ చెప్పడానికి కూడా మూసుకోలేదు.

యస్నా కారెక్కి తాళం తిప్పింది. వెంటనే ఫోను తనంతట తానే కారు స్పీకర్లకు కలిసి, కారంతా మోగేలా పలికింది. కుర్ర గొంతు, నవ్వుతో ఉక్కిరిబిక్కిరవుతూ: "అక్కా, ఇంటికి చేరాం! రంపం కడిగి పెట్టేశాం! నువ్వు ఇంకో అరగంట ఆపుంటే నాలుగు ముక్కలు చేసేవాళ్ళం!"

యస్నా మీట కోసం తడిమింది. ఆలస్యమైంది. ఆమె మెడ నుంచి నుదురు దాకా ఎర్రబడింది. నారింజ చొక్కాలు, "తొందరేం లేదండీ"లు, ఇంకోసారి తిప్పి చూపించమన్న మణికట్టు, అన్నీ హెడ్వికా కళ్ళ ముందు వరసగా నడిచిపోయాయి.

"ఇంజనీరు గారిది ఏ ఊరు?" అంది, కారు కిటికీ మీదికి వంగి.

"ఉండేది పట్నంలో." యస్నా స్టీరింగు వైపు చూస్తూ అంది. "పుట్టింది యెల్షెలో."

పది అడుగుల అవతల ఇజిదోర్ గోతిలో రాళ్ళు దట్టిస్తూ, "వాడెవడో దొరకనీ, వాడి మ్లాయ్‌తోనే వాడికి పళ్ళు కుడతాను!" అని అరుస్తున్నాడు. అతని వెనక స్లావ్కో ఒక కాలు ఈడుస్తూ, జన్మలో మొదటిసారి చెట్టెక్కకుండా సంపాదించిన పనిని తలుచుకుని ఇటే చూస్తూ నవ్వుతున్నాడు. హెడ్వికా ఒకసారి అన్నను చూసింది, ఒకసారి ఆ మోకాలిని చూసింది.

"తమ్ముడు గొంతు బాగుంది," అంది. "బ్యాండులో ఉన్నాడా?"

"బాకా ఊదుతాడు."

"రేపు ఇటు రానివ్వకండి." కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంది.

మ్లాయ్‌ని కోసిందెవరో తేల్చడానికి ఆ ఆదివారమే ఊళ్ళో విచారణ సంఘం వేశారు. అది ఇప్పటికి తొమ్మిదిసార్లు సమావేశమైంది, ఏమీ తేలలేదు. దాని అధ్యక్షురాలు హెడ్వికా.